ఒక్క మిరప చూసిన దూడ

పాల కేంద్రంలో నా క్యాను గోడ పక్కన పెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. నాకు ఇలాంటివే గుర్తుంటాయని మా అత్త అంటుంది. నిన్ను మంచిగా పలకరించినవాళ్ళు కూడా ఉన్నారు కదే, వాళ్ళ మాట ఒక్కటీ ఎత్తవేం అంటుంది. పలకరింపులు మర్చిపోయినా ఎవరికీ నష్టం లేదు. ఇవి మర్చిపోతే మళ్ళీ జరుగుతాయి.

కేంద్రం ఊరి నడుమ ఉంటుంది. మా ఇల్లు చర్చి వీధిలో, ఊరి చివర. అప్పటికి మాకు ఉన్నది ఒక్కటే ఆవు, ఎర్ర జెర్సీ క్రాసు, నుదుట తెల్లమచ్చ. మిరప, పత్తి కౌలుకు వేస్తాం, కాని వాటిని నమ్ముకుని వారం గడవదు. వారం గడిచేది పాలతోనే. ఆ ఆవు తల్లి కూడా మా ఇంట్లోనే ముసలిదై పోయింది. ఇది దాని చివరి దూడ.

ఆ రోజు పొద్దున కేంద్రం సెక్రటరీ నా క్యాను మూత తీయలేదు. కొలత గిన్నె వెనకవాళ్ళ వైపు చాపి, నా క్యానును కాలితో కాదు గాని, కాలితో జరిపినట్టే చేత్తో గోడ పక్కకు జరిపాడు.

"నీ పాలు ఆపమన్నారమ్మా. మీ ఆవుకి ఈసుకుపోయే జబ్బు ఉందంట" అన్నాడు.

చూడి పశువు నెలలు నిండకుండానే దూడను వేసేసే జబ్బు అది. డాక్టర్లు బ్రూసెల్లా అంటారు. పచ్చి పాల ద్వారా మనుషులకూ వస్తుంది. వెనక నిలబడ్డ ఆడవాళ్ళు వాళ్ళ క్యాన్లు నా క్యానుకు దూరంగా జరుపుకున్నారు. నా ఆవు ఎప్పుడూ ఈసుకుపోలేదు. ఒక ఈత ఈనింది, నిండు నెలలతో ఈనింది. ఆ మాట చెప్పబోయేలోగా ఆయన ఇంకొకరి పాలు పోయించుకుంటున్నాడు.

కేంద్రంలో పెద్ద క్యాను ఒకటే. ఊరి పాలూ మా వీధి పాలూ అందులోనే కలుస్తాయి. కేంద్రం పెట్టిన కొత్తలో మా వీధి పాలకు వేరే క్యాను పెట్టమని ఊళ్ళోని కొన్ని ఇళ్ళవాళ్ళు అడిగారు. వెన్న శాతం చూసి డబ్బిస్తాం గాని వీధి చూసి కాదని డెయిరీవాళ్ళు ఒప్పుకోలేదు. ఎవరెవరు అడిగారో నాకు తెలుసు. అందుకే గోడ పక్కన ఒంటరిగా ఉన్న నా క్యానును చూసి జబ్బు సంగతి ఒక్కటే తోచలేదు నాకు.

తర్వాత తెలిసింది ఇది. డెయిరీవాళ్ళు పెద్ద క్యాను పాలను పరీక్ష చేస్తే అనుమానం వచ్చింది. దాంతో ఇంటింటి పాలనూ విడివిడిగా చిన్న గాజు గొట్టాల్లో పోసి, నీలం మందు చుక్క వేసి ఉంచారు. జబ్బు తగలని పశువు పాలైతే పాలన్నీ నీలంగానే ఉండి పైన మీగడ తెల్లగా తేలుతుంది. తగిలినదైతే నీలమంతా మీగడలోకి ఎక్కి పైన వలయంలా నిలబడుతుంది. రెండు గొట్టాల్లో వలయం వచ్చింది. ఒకటి నాది. రెండోది సెక్రటరీ అన్నగారి ఇంటి ఆవుది. వాళ్ళ ఆవు ఈమధ్యే ఈనింది, ఈనిన కొత్తలో పాలల్లో అలా రావడం మామూలే అని సెక్రటరీ డెయిరీవాళ్ళకు చెప్పాడంట. వాళ్ళ క్యాను గోడ పక్కకు పోలేదు.

ఆ మాట నిజమేనని పశువుల డాక్టరు కూడా చెప్పింది. ఈనిన కొత్తలో వస్తుంది, పొదుగువాపు ఉన్నా వస్తుంది. నేను కాదనను. నీ ఆవు ఎప్పుడు ఈనింది, పొదుగు ఎలా ఉంది అని నన్ను ఎవరూ అడగలేదు. అదే నేననేది.

డాక్టరు చిన్నమ్మాయి, ఉద్యోగానికి కొత్త. పక్క ఊరి పశువుల ఆసుపత్రిలో ఉంటుంది. సాయంత్రం వచ్చి ఆవు మెడ దగ్గర రక్తం తీసుకుంది. మా ఇంట్లో ఎవరికైనా విడిచి విడిచి జ్వరాలు వస్తున్నాయా, కీళ్ళు నొప్పులా అని అడిగింది. జ్వరాలు లేవు మేడం, కీళ్ళ నొప్పులు లేనివాళ్ళని మా వీధిలో మీరే వెతికి చూపించండి అన్నాను. నవ్వింది. పాలు పొంగి బాగా కాగాకే తాగమంది.

మర్నాడు నేనే ఆసుపత్రికి వెళ్ళాను. నా కళ్ళ ముందే చెయ్యమన్నాను. గడ్డకట్టిన రక్తం మీద తేలిన పచ్చటి నీరు ఒక చుక్క తెల్ల పలక మీద వేసింది. పక్కన గులాబీ రంగు మందు చుక్క వేసి, పుల్లతో రెండూ కలిపి, పలకను అటూ ఇటూ ఊపింది. కాసేపటికి ఆ గులాబీ చుక్క పాలు విరిగినట్టు రవ్వరవ్వగా విడిపోయింది. ఆ అమ్మాయి ఏమీ అనకముందే నాకు అర్థమైంది. ఇది గట్టి పరీక్ష కాదమ్మా, పెద్ద ల్యాబుకు పంపిస్తా అంది. కొన్నాళ్ళకు అక్కడి నుంచి కాగితం వచ్చింది. దాని మీద ఒక అంకె, పక్కన పాజిటివ్ అన్న మాట.

ఆ మాట ఊళ్ళో నాకంటే ముందు తిరిగింది. మా ఆయన మిర్చి టిక్కీ బస్తాల లారీ మీద గుంటూరు యార్డుకు పోయి వస్తుంటాడు. లారీ దగ్గరే ఎవరో అన్నారంట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, సంతకి తోలేద్దామే అన్నాడు. సెక్రటరీ కూడా అదే సలహా ఇచ్చాడంట. దూరం సంతకి తోలితే ఎవరూ అడగరు అన్నాడంట. కొనుక్కునేది ఇంకో ఇంటి ఆడమనిషే కదా, ఆమె పిల్లలు ఆ పాలు తాగరా అని అడిగాను. మా ఆయన అన్నం కలుపుకున్నాడు. ఇంకో మాట నేను పైకి అనలేదు. ఆవును తోలేస్తే ఆ గోడ పక్కన క్యానును నా అంతట నేను ఒప్పుకున్నట్టు. ఒప్పుకోను.

అప్పటి నుంచి పాలు కాచి, తోడేసి, మా ఇంట్లోనే తిన్నాం. పెరుగంటే విసుగొచ్చేంత తిన్నాం. పొద్దున్నే క్యాను కడిగి పెట్టే అలవాటు మాత్రం పోలేదు. కడిగి బోర్లించేదాన్ని. దానిలోకి పోసేది లేదు.

డాక్టరు దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. ఆ అమ్మాయి నన్ను చూసి కుర్చీ చూపించడం మొదలుపెట్టింది గాని విసుక్కోలేదు. ఆ కాగితం చెప్పేదేమిటో ఓపిగ్గా చెప్పింది. ఈ పరీక్షలో క్రిమి కనపడదు. క్రిమితో పోరాడటానికి ఒళ్ళు తయారు చేసుకున్న యాంటీబాడీలు మాత్రమే కనపడతాయి. జబ్బు రాకుండా పెయ్యదూడలకు వేసే టీకా కూడా బలం తీసేసిన అదే క్రిమి. దానితోనూ ఒళ్ళు పోరాడుతుంది. కాబట్టి టీకా వేసిన పశువుకూ ఈ పరీక్షలో పాజిటివ్ రావచ్చు.

నాకు అది నా లెక్కలో అర్థమైంది. మిరపకాయల తొడిమలు తీసిన చేతికి ఘాటు పడుతుంది. కడిగినా పోదు, కంటికి తగిలితే మండుతుంది. ఆ కాయలు మన కల్లంలోవా, కూలికి పోయిన వాళ్ళ కల్లంలోవా అన్నది చేతిని వాసన చూస్తే తెలియదు. మరి మా ఆవుకీ చిన్నప్పుడు టీకా వేశారు కదా మేడం, చెవికి పోగు కూడా ఉంది కదా అన్నాను.

ఆ అమ్మాయి ఫోనులో చెవి పోగు నంబరు కొట్టి చూసింది. టీకా వేసినట్టు ఉంది. వేసిన రోజుకు దూడ వయసు ఎనిమిది నెలలని ఉంది. ముఖం కాస్త వాడింది.

"సరైన వయసులోనే వేశారమ్మా. ఆ వయసులో వేసిన టీకా గుర్తు ఈపాటికి ఒంట్లో పోయి ఉండాలి. ఇంకా ఇంత అంకె ఉందంటే జబ్బే అనుకోవాలి" అంది.

ఇంటికి నడిచి వచ్చాను. దారంతా పత్తి చేలు, పగిలిన కాయలు. కూలీలు లేక ఎవరూ తీయని పత్తి గాలికి వేలాడుతోంది. నాకు ఏ ఆలోచనా రాలేదు. ఇక తోలేద్దాం అనే మాట ఒక్కసారి వచ్చింది. వచ్చిందని ఒప్పుకుంటున్నాను, అంతే.

డాక్టరు కూడా ఆ ఎనిమిది నెలల అంకెను వదల్లేదు. రెండు రోజుల తర్వాత మా ఇంటికి వచ్చి, ఆవు నోరు తెరిచి పళ్ళు చూసింది. ఏడాది అటూ ఇటూ పళ్ళు చెప్పవని మూసేసింది. టీకా రోజు దూడను పట్టుకున్నది ఎవరని అడిగింది. నేను ఆ రోజు కూలికి పోయాను. పట్టుకున్నది మా అత్త.

"పెద్దమ్మా, అప్పుడు దూడకి ఎన్నో నెల?"

"నెలలు నాకేం తెలుసు తల్లీ. ఒక్క మిరప చూసింది. ఆ సూది వేసే అబ్బాయికీ అదే చెప్పా."

మా వీధిలో పశువు వయసు అలాగే చెబుతారు. ఇది రెండు మిరపలు చూసిన గేదె, అది మూడు మిరపలు చూసిన ఎద్దు అంటారు. ఒక్క మిరప చూసిందంటే ఏడాదిలోపు దూడ. సూది వేసే అబ్బాయి ఎనిమిది నెలలని రాసుకున్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. అప్పుడు దూడ కూడా పుల్లలా ఉండేది. దాన్ని చూస్తే ఇంకా తక్కువే రాసేవాళ్ళు.

నేను పేడ ఎత్తుతున్నదాన్ని ఆగాను. అది పుల్లలా ఎందుకుందో గుర్తొచ్చింది. దాని చిన్నతనంలో మా దగ్గర మేతకు డబ్బుల్లేవు.

"అత్తా, తామర పురుగు వచ్చిన మిరపని లెక్కేశావా?"

"అదేం మిరపే? ఒక్క కాయన్నా కంటితో చూశామా? దున్నేశాంగా."

దున్నేసిన మిరప మిరప కాదు. మా అత్తకే కాదు, మా వీధిలో ఎవరిని అడిగినా ఆ ఏడాది లెక్కలో ఉండదు. కోత లేదు, కల్లం లేదు, యార్డుకు పోలేదు. ఆ ఏడాది చేసుకున్న పెళ్ళిళ్ళను కూడా ముందు మిరపలోనో తర్వాత మిరపలోనో కలిపేసి చెబుతారు. ఆ పురుగు పూతలో చేరి చేలకు చేలు మాడిపోయిన ఏడే ఈ దూడ పుట్టింది. దాని వయసులో ఒక ఏడాది మేమే దున్నేశాం.

డాక్టరు అక్కడే నులక మంచం మీద కూర్చుంది. అలాగైతే టీకా నాటికి దూడకు ఏడాదిన్నర ఉంటుంది అంది. అంత పెద్ద పెయ్యకు వేయకూడదు, వేస్తే ఆ గుర్తు ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోవచ్చు. అప్పుడు ఈ కాగితానికి వేరే అర్థం వస్తుంది. చెప్పి, కాస్త ఇబ్బందిగా నా వైపు చూసింది. ఇన్నాళ్ళూ ఒక వయసు చెప్పి, పాజిటివ్ వచ్చాక ఇంకో వయసు చెబితే పైవాళ్ళు నమ్మరమ్మా, బయటివాళ్ళు ఎవరైనా చెప్పగలరా అంది.

చెప్పగలవాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళను మర్చిపోతే కదా.

మేం కౌలుకు చేసే చేను సెక్రటరీ వాళ్ళది. మిరపను దున్నేసిన రోజు పొద్దుటి నుంచీ చేలో ట్రాక్టరు తిరుగుతోంది. మధ్యాహ్నానికి ఇంటి దగ్గర ముసలి ఆవు ఈనింది. చేను పోయినా ఇంట్లో దూడ పుట్టింది, చేను వాళ్ళకు మొదటి జున్నుపాలు పంపాలి అంది అత్త. స్టీలు గిన్నెలో పోసి, మూత పెట్టి, సెక్రటరీ భార్య చేతికి ఇచ్చి వచ్చాను. సాయంత్రం ట్రాక్టరు ఆగాక అటుగా వస్తుంటే వాళ్ళ ప్రహరీ గోడ మీద నా గిన్నె కనిపించింది. మా వైపు ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపరు. చిటికెడు పంచదార అయినా వేసి ఇస్తారు. నా గిన్నె కూడా ఖాళీగా లేదు. నేను తీసుకెళ్ళిన జున్నుపాలే అందులో ఉన్నాయి, మూత కూడా నేను పెట్టినట్టే ఉంది. దాన్ని పట్టుకుని దున్నేసిన చేను గట్టు మీదుగా ఇంటికొచ్చాను. అందుకే ఆ రోజు నాకు చెదరదు.

సెక్రటరీ అన్నగారి ఆవుకు రక్తం తీయడానికి డాక్టరు ఎలాగూ ఆ ఇంటి వైపు వెళ్ళాలి. నేనూ వెనకే వెళ్ళాను. సెక్రటరీ వరండాలో కూర్చుని ఉన్నాడు. డాక్టరుకు కుర్చీ వేయించాడు. నేను మెట్టు కింద నిలబడ్డాను. ఎండగా ఉంది. ఫలానా రోజు మా ముసలి ఆవు ఈనిందని జున్ను తెచ్చాను, అది తామర పురుగు ఏడాదే కదండీ అని అడిగాను. ఆయన డాక్టరు వైపు చూసి నవ్వాడు.

"ఎప్పుడు ఎవరు జున్ను తెచ్చారో ఎవరికి గుర్తుంటుంది మేడం? ఇలాంటివన్నీ బుర్రలో పెట్టుకుంటే మనిషి బతకగలడా?"

బతుకుతున్నాను కదా అనుకున్నాను. ఆయన తప్పు చెప్పలేదు, నిజం చెప్పలేదు. నిజం చెబితే గిన్నె సంగతి కూడా చెప్పాలి. డాక్టరు లేవబోయింది. నాకు కాళ్ళు పీకుతున్నాయి. ఇంతదూరం ఎందుకొచ్చానా అనిపించింది.

అప్పుడు ఆయన భార్య లోపలి నుంచి గుమ్మం దాకా వచ్చింది. చేతిలో చాట ఉంది. నా వైపు చూడలేదు, డాక్టరు వైపే చూసింది.

"ఆ ఏడే మేడం. చేలో ట్రాక్టరు తిరుగుతోంది ఆ రోజు. ఈవిడ తెచ్చిన జున్ను మేం తీసుకోలేదు. గోడ మీద పెట్టించింది నేనే."

అంతే చెప్పి లోపలికి పోయింది. ఎందుకు తీసుకోలేదో చెప్పలేదు. ఎవరు వద్దన్నారో కూడా చెప్పలేదు. ఆ మాట కోసం నేను ఇన్నేళ్ళు ఎదురుచూశాననుకుంటాను. వచ్చినప్పుడు నాకు సంతోషమేమీ కలగలేదు. కూర్చోవాలనిపించింది.

డాక్టరు వెంటనే ఏమీ మార్చి రాయలేదు. వయసు ఒక్కటే చాలదంది. కొన్ని వారాలు ఆగి మళ్ళీ రక్తం తీసి, అదే ల్యాబులో, అదే పరీక్ష చేయించాలి. జబ్బు లోపల పని చేస్తుంటే అంకె పెరుగుతుంది, లేదా అక్కడే ఉంటుంది. పాత టీకాదైతే మెల్లగా దిగుతుంది. ఒక్క కాగితం చూసి ఎంత చదువుకున్నవాళ్ళైనా తేల్చలేరంది. ఆ వారాలు కూడా పెరుగు తిన్నాం. మా ఆయన సంత మాట మళ్ళీ ఎత్తలేదు గాని, ఆవు దగ్గరికి వెళ్ళి గంగడోలు నిమిరి ఊరికే వచ్చేసేవాడు.

రెండో కాగితంలో అంకె దిగింది. పాజిటివ్ అన్న చోట ఈసారి డౌట్‌ఫుల్ అని ఉంది. సెక్రటరీ అన్నగారి ఆవుకు రక్తంలో ఏమీ రాలేదు, అది నిజంగానే ఈనిన కొత్త. డాక్టరు నా కాగితం మీద రాసింది: పెద్ద వయసులో టీకా, ఎప్పుడూ ఈసుకుపోలేదు, అంకె దిగుతోంది, కనుక ఇది టీకా వల్ల వచ్చిన ఫలితం అయి ఉండవచ్చు. పాలు కాచే వాడతారు కాబట్టి పోయవచ్చని డెయిరీకి కూడా చెప్పింది.

ఉండవచ్చు ఏమిటి మేడం, కాదు అని రాయండి అన్నాను.

"అలా రాస్తే అబద్ధం అవుతుందమ్మా. వచ్చే ఈత నిండు నెలలతో ఈననివ్వండి. ఈనాక మళ్ళీ చూద్దాం."

ఇంత తిరిగి నేను తెచ్చుకున్నది ఒక ఉండవచ్చు. మర్నాడు పొద్దున బోర్లించిన క్యాను తీసి పాలు పోసుకుని కేంద్రానికి వెళ్ళాను. సెక్రటరీ కాగితం చదివాడు. ఆ మాట దగ్గర ఆగాడు.

"ఉండవచ్చంటే ఏంటమ్మా? జబ్బు ఉన్నట్టా, లేనట్టా?"

"మీ అన్నగారి ఆవుకి ఆ రోజు ఎవరు రాసిచ్చారండి?"

వెనక ఎవరో దగ్గారు. ఆయన కొలత గిన్నె అందుకున్నాడు. వెన్న శాతం చూశాడు, చీటీ రాశాడు. గోడ వైపు ఒకసారి చూశాడు కూడా. నేను క్యాను పట్టుకునే నిలబడ్డాను. ఎండ ఎక్కేదాకా నిలబడగలను, ఆ సంగతి ఆయనకు తెలుసు. పాలు పెద్ద క్యానులో పోశాడు.

ఆవు ఈ మధ్యే ఈనింది. నిండు నెలలు, ఆడదూడ. పుట్టిన రోజున చర్చి క్యాలెండరులో గుండ్రంగా సున్నా చుట్టాను. మా అత్త ఇకమీదట ఎన్ని మిరపలు లెక్కపెట్టుకున్నా పర్వాలేదు. డాక్టరు వచ్చి ఆవుకు రక్తం తీసుకెళ్ళింది. ఆ కాగితం ఇంకా రాలేదు. వస్తే ఏముంటుందో నాకు తెలియదు. దూడ మాత్రం లేచి నిలబడి తాగుతోంది.

కేంద్రంలో సెక్రటరీ, ఏమ్మా ఈనిందంటగా, ఈసారి జున్ను లేదా అన్నాడు. మధ్యలో ఏమీ జరగనట్టే అన్నాడు. ల్యాబు కాగితం వచ్చాక పంపిస్తానండీ అన్నాను. ఆయన నవ్వాడు, వెనకవాళ్ళూ నవ్వారు. నేను నవ్వించడానికి అనలేదు.

ఇంటికొచ్చేసరికి అత్త జున్ను ఉడికించి ఆ స్టీలు గిన్నెలోనే సర్ది మూత పెట్టింది. ఎవరికని అడిగాను.

"ఆ ఇంటావిడకి. మొగుడి ముందు నిలబడి నిజం చెప్పింది కదే."

చెప్పింది. అదీ గుర్తుంది నాకు. గిన్నె చేతిలోకి తీసుకున్నాను, ఇంకా వేడిగా ఉంది. ఆ ప్రహరీ గోడ గుర్తొచ్చింది. తిరిగి గూట్లో పెట్టేశాను.

"కాగితం రానీ, చూద్దాం" అన్నాను.

"జున్ను అన్నాళ్ళు ఆగదే" అంది అత్త.

ఆగదని నాకూ తెలుసు.